వండి వడ్డిస్తాం

తిరగలిలో ఎవరైనా నూరుతారా? విసురుతారు. ప్రూఫు కాగితంలో ‘నూరుతాం’ అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, మార్జిన్‌లో ‘విసురుతాం’ అని రాసి, ఆవిడ లేచి పొయ్యి మీద పాలు చూసొచ్చింది. ఇంకా పొంగలేదు. వచ్చి కూర్చునేసరికి కింది వాక్యంలో ఇంకొకటి దొరికింది. ‘పప్పును చేటలో జల్లిస్తాం’ అట. చేటతో చెరుగుతారు, జల్లెడతో జల్లిస్తారు. రోట్లో దంచుతారు, పొత్రంతో రుబ్బుతారు, సన్నికల్లు మీద నూరుతారు. వంటింటి గడప తొక్కిన ఏ ఆడదాన్ని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. ఈ పుస్తకం రాసినాయన మాత్రం మెలకువగా ఉండి కూడా చెప్పలేడు. ఆ రాసినాయన ఆవిడ మొగుడే.

పుస్తకం పేరు ‘విస్తరి విడవకండి’. ఆయన నీళ్ల సరఫరా ఆఫీసులో ఇంజనీరు. వారమంతా పైపుల సంగతి చూసుకుని, సెలవు రోజున సభల్లో మాట్లాడతాడు. పొట్లాల తిండి వద్దంటాడు. మరపట్టిన పిండిలో సారం ఉండదంటాడు. కింద కూర్చుని, చేత్తో కలుపుకుని, తిన్నదేమిటో వేళ్లకు తెలిసేలా తినమంటాడు. ఊరికే అనడు, తానూ అలాగే తింటాడు, ఆ విషయంలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. ఆఫీసు విందుల్లో అందరూ చెంచాలు పట్టుకుంటే ఈయన చొక్కా చేతులు మడిచి ముద్ద కలుపుతాడు. నవ్వేవాళ్లను నవ్వుకోమంటాడు. మాటలో నిజముంది, గొంతులో బలముంది, జనం వింటారు. ఒక్కటే లోటు, సొంతింట్లో రోలు ఏ మూలనుందో అడిగితే వెతుక్కోవాలి.

ఆవిడది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పంతొమ్మిదేళ్ల సర్వీసు. అక్కడ అందరూ ప్రూఫులమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, తరవాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు, ఆవిడా పలకడం మొదలుపెట్టింది. మొగుడి పుస్తకం ఆ అచ్చాఫీసుకే వచ్చింది. మేనేజరు ప్రూఫుల కట్ట ఆవిడ చేతిలో పెట్టి, “మీ ఇంటి పుస్తకమే కదమ్మా, ఆఫీసు టైములో ఎందుకు? ఇంటి దగ్గర తీరుబడిగా చూసుకోండి” అన్నాడు. తీరుబడి అనే మాటను ఆవిడ బోలెడు పుస్తకాల్లో దిద్దింది గానీ, ఆ వస్తువును ఇంట్లో చూసిన గుర్తు లేదు. అయినా సరేనంది. సరేననడం ఆవిడకు అలవాటు, మిగతావాళ్లకు సౌకర్యం.

అలా సెలవు పూట, ఒక చెవి పాలగిన్నె మీద వేసి, ఆవిడ మొగుడి పుస్తకం చదవడానికి కూర్చుంది. చదువుతూ పోతే ఒక సంగతి తట్టింది. తెలుగులో ఒక సుఖముంది, కర్త ఎవరో చెప్పకపోయినా వాక్యం నడిచిపోతుంది. క్రియ తోక పట్టుకుంటే చాలు, పని చేసిందెవరో తెలిసిపోతుంది. ఆయన ఆ తోకల్ని భలే పెట్టాడు. తెల్లవారకముందే లేస్తాం. నానినవి కడిగి రుబ్బుతాం. పొడులు ఎప్పటికప్పుడు దంచుకుంటాం. చద్దిది ముట్టం, ఏ పూటకాపూట వండుతాం. నూట అరవై పేజీల పొడుగునా తాం, తాం, తాం అని, వీధి చివర ఎవరో డప్పు వాయిస్తున్నట్టే ఉంది. ఎవరండీ ఈ లేచేది? ఆయన ఏడింటికి లేస్తాడు. లేచి, పక్కమీద నుంచే “ఏమోయ్, రుబ్బుతున్న చప్పుడు వింటూ మేలుకోవడంలో ఉన్న ఆనందం ఇంకెందులో ఉంటుంది!” అంటాడు. ఆ వాక్యం కూడా పుస్తకంలో ఉంది, మూడో అధ్యాయం మొదట్లో.

ఆవిడ కుడి మణికట్టు ఏడాదిగా వాస్తోంది. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, “ఏం పని చేస్తారు?” అని అడిగాడు. “ప్రూఫులు దిద్దుతానండి” అంది. “పెన్సిల్ పట్టుకుంటే ఇంత వాపు రాదే” అన్నాడాయన. అప్పుడైనా రోలు సంగతి చెప్పాలని ఆవిడకు తోచలేదు. అడిగింది పని గురించి కదా! మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గుర్తొచ్చి, తన మీద తనకే కోపమొచ్చింది. ఇంటికెళ్లి చెబితే అత్తగారు వేడినీళ్ల కాపడం పెట్టమన్నారు. మొగుడు, “పాపం, అన్నేసి అక్షరాలు దిద్దితే రాదూ మరి! ఆ ఉద్యోగం మానెయ్యరాదూ?” అన్నాడు.

ఆవిడకు ఈ తిండంటే అయిష్టమా అంటే, కాదు. ప్రాణం. పెంకు మీద వేగినది వేగినట్టు, రోట్లో నలిగినది నలిగినట్టు నాలుకకు తెలుస్తుంది. అచ్చాఫీసులో భోజనాల గదికి ఏసీ పెట్టించిన కొత్తలో, అట్టలు డిజైను చేసే పిల్ల ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, “మేడమ్, మీ డబ్బా మూత తీస్తే నాకు కడుపులో తిప్పేస్తోంది” అంది. మరునాడు మేనేజరు వచ్చి, “మెట్ల దగ్గర గాలి బాగుంటుందమ్మా, అక్కడ కూర్చుంటే మీకూ హాయి” అన్నాడు. ఎప్పుడూ సరేననే మనిషి ఆ రోజు అనలేదు. “ఇది మా అమ్మ తిన్న తిండండి. దీనికి వాసనుంటుంది. మీ డబ్బాలకు లేకపోతే నేనేం చెయ్యను?” అని, అక్కడే కూర్చుని, చేత్తోనే కలుపుకుని, చివరి మెతుకుదాకా తిని, డబ్బా కడుక్కుని వెళ్లింది. నెలరోజులు ఆ బల్ల దగ్గర ఆవిడ ఒక్కతే. తరవాత ఒకరోజు ఆ పిల్లే వచ్చి, “కొంచెం పెట్టండి, ఎలా ఉంటుందో చూస్తా” అని చెయ్యి చాచింది. ఆవిడ పెట్టింది. దాని గురించి సభలో మాట్లాడాలని ఆవిడకు అనిపించలేదు.

ఇంట్లో మాత్రం చెప్పింది. చెప్పినదానికి ఫలితం ఏడో అధ్యాయంలో కనిపించింది. ‘మా డబ్బా చూసి మూతి ముడిచినవాళ్ల ముందు మేం తల వంచలేదు.’ ప్రూఫులమ్మ పెన్సిల్ అక్కడ చాలాసేపు ఆగింది. ఆ గదిలో ఆ పూట ఉన్నది తనూ, డబ్బా. ఈ ‘మేం’ ఎవరు? డబ్బాను గౌరవించి బహువచనం వాడాడనుకోవాలా? నవ్వొచ్చింది, నవ్వు వెనకే కడుపు మండింది. ఆయన మాటల్ని మనసులోనే వరస పెట్టి చూసుకుంది. పని దగ్గర ‘మనం’. పొగడ్త దగ్గర ‘నేను’. ఉప్పెక్కువైన దగ్గర ‘నువ్వు’. పాతికేళ్ల కాపురంలో ఈ వ్యాకరణం ఒక్కసారి కూడా తప్పలేదు.

పాలు పొంగాయి. పొయ్యి తుడిచి వచ్చి, మిగిలిన ఆఖరి పేజీ తీసింది.

ఆఖరి పేజీలో ఒక గడి కట్టి, పెద్దక్షరాలతో వేశారు. ‘చదివితే చాలదు, రుచి చూడాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఇంటికి రండి. పాఠకులందరికీ ఆహ్వానం. అన్నీ రోట్లోనే రుబ్బి, కట్టెల పొయ్యి మీద వండి వడ్డిస్తాం.’ కింద ఆయన పేరు, ఆయన ఫోను నంబరు.

ఆవిడ రెండుసార్లు చదివింది. తప్పులు వెతకడానికి కాదు. ప్రతి నెలా. ఆదివారం ఒక్కటే ఆవిడకు మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చే రోజు. నలభై మంది వస్తే నలభై మందికి రుబ్బాలి, ముందురోజు నానబెట్టాలి, అంతకు ముందురోజు చెరగాలి, మర్నాడు గిన్నెలు తోమాలి, ఆ మణికట్టుతోనే సోమవారం అచ్చాఫీసుకు వెళ్లాలి. అచ్చయితే అయిపోయినట్టే. ఇంట్లో అన్న మాటైతే పోట్లాడి వెనక్కి తీసుకోవచ్చు, వెయ్యి పుస్తకాల్లో పడ్డ మాటను ఎవరి దగ్గరని వెనక్కి తీసుకుంటారు? ఆ ఆహ్వానం గురించి ఆయన ప్రెస్సువాళ్లకు చెప్పాడు, కంపోజింగ్‌లో చెప్పాడు, సభల్లో కూడా చూచాయగా అని ఉంటాడు. చెప్పనిది ఆవిడకే. దాచాలని కాదు. చెప్పాలని తోచలేదు, అంతే. చెయ్యిని అడిగి ఎవరైనా ముద్ద కలుపుతారా?

ముందుగదిలో అత్తగారు కాళ్లు బారజాపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నారు. పెద్దావిడ. ముప్పై ఏళ్లు ఇదే రోట్లో పొత్రం తిప్పి, మోకాళ్లు మొరాయించాక కోడలికి అప్పగించిన మనిషి. కోడలు కాగితం తీసుకెళ్లి చదివి వినిపించింది.

“వడ్డిస్తాం అంటే ఎవరే?” అన్నారు అత్తగారు.

“అదే చూస్తున్నానత్తయ్యా.”

“వాడికి పొత్రం ఎటు తిప్పాలో తెలీదు. నాకా, లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను.” పెద్దావిడ కాసేపు మోకాలు నిమురుకున్నారు. “పోన్లే అమ్మాయ్. నెలకొక్క రోజేగా. మీ మావగారైతే వారం వారం తెచ్చేవారు మందిని. ఆఖరికి గిన్నె అడుగున ఏది మిగిలితే అది తిని పడుకునేదాన్ని. ఏం, చచ్చిపోయానా?”

చచ్చిపోలేదు, నిజమే. కోడలు కాగితం తీసుకుని లోపలికి వచ్చేసింది.

సాయంత్రం ఆయన సభ నుంచి వచ్చాడు, మెడలో దండతోనే. ఆవిడ ప్రూఫులు ముందు పెట్టింది. తప్పున్నచోటల్లా దిద్దింది. ఆఖరి పేజీకి మాత్రం చిన్న చీటీ అంటించింది. రాసినాయన్ని అడగాల్సినదుంటే ప్రూఫ్ రీడర్లు అలా చీటీ పెడతారు, అది పద్ధతి. చీటీ మీద రెండే మాటలున్నాయి. ‘కర్త ఎవరు?’

“ఇదేమిటోయ్?” అన్నాడాయన.

“ప్రతి నెలా వండి వడ్డిస్తాం అన్నారు కదండీ. ఎవరు వండుతారు?”

“మనమే! కొత్తేముంది? రోజూ చేసేదే, కాకపోతే గిన్నె కాస్త పెద్దది. నువ్వు చెయ్యి పెడితే ఎంతసేపు!”

“నా వల్ల కాదండి. చెయ్యి చూశారుగా.”

“అబ్బ, నెలకొక్క రోజు! అయినా పుస్తకంలో వేసేశాక కాదంటే నలుగురూ ఏమంటారు?”

“ఇంకా వెయ్యలేదు కదండీ. అందుకే అడుగుతున్నా. కర్త ఎవరని రాయమంటారు?”

ఆయన దండ తీసి కుర్చీకి తగిలించాడు. “కర్తేమిటి, కర్మేమిటి నా మొహం! వ్యాకరణం నీ శాఖ. అవన్నీ నన్నడక్కు. నీకేది సరైందనిపిస్తే అది చేసి సంతకం పెట్టి పంపించెయ్. ఎల్లుండికి అచ్చెక్కాలి.” స్నానానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “ఇవాళ సభలో ఆడవాళ్లే ఎక్కువ వచ్చారు తెలుసా! మన తిండిని నిలబెట్టేది మీరేనమ్మా అంటే ఎన్ని చప్పట్లో!” అన్నాడు.

మర్నాడు అచ్చాఫీసులో, తన బల్ల దగ్గర, ఆఖరి పేజీ ముందు పెట్టుకుని ఆవిడ కూర్చుంది. పేజీ కొట్టెయ్యవచ్చు గానీ, రాసినాయన రాసింది కొట్టేసే అధికారం ప్రూఫులు దిద్దేవాళ్లకు లేదు. పంతొమ్మిదేళ్లలో ఏనాడూ ఆ పని చెయ్యలేదు. ‘నా భార్య వండి వడ్డిస్తుంది’ అనొచ్చు. అది నిజమే గానీ, లేని మాట చేర్చడం అవుతుంది. పైగా తన చేత్తో తానే తనను కట్టెయ్యడం. పోనీ ఉత్త ‘వడ్డిస్తుంది’ అంటే? ఆ తోకతో ఒక చిక్కుంది. మగవాడైతే ‘తాడు’ అనగానే మనిషని తెలిసిపోతుంది. ‘వండుతుంది’ అంటే ఆడమనిషీ కావచ్చు, కరెంటు కుక్కరూ కావచ్చు. పిల్లి పాలు తాగుతుంది, గడియారం తిరుగుతుంది, ఆవిడ రుబ్బుతుంది. అక్షరాల మధ్య బతికే మనిషి గనక ఆ సంగతి ఇన్నేళ్లూ చూస్తూనే ఉంది, చూసి నవ్వుకుంటూనే ఉంది. ఆ పూట నవ్వు రాలేదు. ఈ పుస్తకంలో ‘రుబ్బుతుంది’ అని వేస్తే ఇంట్లో గ్రైండరు కొన్నారనుకుంటారు జనం, పాపం ఆయన ఇన్నాళ్ల ప్రచారం ఏటిపాలవుతుంది.

లోపలి పేజీల్లో ఉన్న తాంలన్నిటినీ ఏం చెయ్యాలా అని కూడా ఆలోచించింది. అక్కడ ‘నేను రుబ్బుతాను’ అని మారిస్తే పచ్చి అబద్ధమవుతుంది, ఆయన ఏనాడూ రుబ్బలేదు. జరిగిపోయినవి జరిగినట్టే ఉండాలి, ఎవరి పేరున పడితే ఏం? అలా అనుకుంది గానీ మనసొప్పలేదు. పాతికేళ్ల తెల్లవారుజాములు ఇంకొకరి క్రియాపదంలో కలిసిపోతుంటే ఎవరికైనా ఉసూరుమంటుంది. కానీ ఆఖరి పేజీ వేరు. అది ఇంకా జరగలేదు. జరగబోయేదానికి కర్తను ఎంచుకోవచ్చు.

ఆ వాక్యం కింద ఎవరి పేరుంది? ఒక్కడిది. ఫోను నంబరు? ఒక్కటి. ఇంటికి రమ్మని పిలుస్తున్నది ఒక్కడు. కర్త ఏకవచనంలో ఉండి క్రియ బహువచనంలో ఉంటే, బడిపిల్లల్ని కూడా దిద్దమంటాం. ఆవిడ పెన్సిల్ పక్కన పెట్టి, ఎర్రసిరా పెన్ను తీసుకుంది. ‘వడ్డిస్తాం’లో సున్న కొట్టేసి, పక్కన ‘ను’ పెట్టింది. కింద సంతకం చేసి, ‘అచ్చుకు పంపవచ్చు’ అని రాసింది. మణికట్టు నొప్పి పెట్టింది, అది ఎప్పుడూ ఉండేదే.

కంపోజింగ్ చేసే ఆవిడ పేజీ సరిచేస్తూ తలెత్తి, “సార్ వంట కూడా చేస్తారా ప్రూఫులమ్మా! అదృష్టవంతులు” అంది.

“నూట అరవై పేజీలు రాసినాయనకు రాదంటామా?” అంది ఆవిడ.

ఆవిష్కరణ సభ బాగా జరిగింది. అధ్యక్షుడు పుస్తకాన్ని పైకెత్తి పట్టుకుని, “ఈ పుస్తకానికి కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే!” అన్నాడు. వెనక వరసలో కూర్చున్న ఆవిడకు నవ్వు తన్నుకొచ్చింది. పక్కవాళ్లు తిరిగి చూశారు. మొగుడి గొప్పతనానికి సంతోషం పట్టలేక నవ్వుతోందనుకుని వాళ్లూ నవ్వారు.

రాసినవాళ్లు తమ పుస్తకం అచ్చయ్యాక అట్ట చూసుకుంటారు, ఫొటో చూసుకుంటారు, ఆఖరి పేజీదాకా పోరు. ఆయనా పోలేదు. వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఆదివారానికి వస్తామని ఒక్కొక్కరే చెబుతుంటే ఆయన మురిసిపోతూ ఒక కాగితం మీద వరసగా పేర్లు రాసుకున్నాడు. ఇరవై ముగ్గురయ్యారు. ఆఖరి ఫోను చేసినావిడ ఒక బళ్లో టీచరట. “మా ఆయన్ని కూడా వెంటపెట్టుకుని వస్తున్నానండీ. మీరు వండుతుంటే పక్కన నిలబడి నేర్చుకుంటాడు” అంది.

“నేనా?” అన్నాడాయన.

“అవునండీ, మీరే రాశారుగా! మగవాళ్లు ఇలా బాహాటంగా రాయడం నేనింతవరకూ చూడలేదు. ఆ ఒక్క వాక్యం కోసమే పుస్తకం కొన్నాను.”

ఆయన ఫోను పెట్టేసి ఆఖరి పేజీ తిప్పాడు. తిప్పి, పుస్తకం తెరిచి పట్టుకునే వంటింట్లోకి వచ్చాడు. అత్తాకోడళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. పెద్దావిడ స్టూలు మీద కూర్చుని ఆకుకూర బాగుచేస్తున్నారు, కోడలు బియ్యం కడుగుతోంది.

“ఏమోయ్, ఎంత పెద్ద అచ్చుతప్పు పడిందో చూశావా? నేను ‘వడ్డిస్తాం’ అని రాస్తే ‘వడ్డిస్తాను’ అని వేశారు!”

“అచ్చుతప్పు కాదండి, దిద్దాను” అంది ఆవిడ. “కర్త ఎవరని అడిగితే నాకేది సరైందనిపిస్తే అది చెయ్యమన్నారు. కింద మీ ఒక్కరి పేరే ఉంది మరి.”

ఆయన రెండో చేతిలో ఉన్న పేర్ల కాగితం పైకెత్తి చూపించాడు. “ఇరవై ముగ్గురే! నాకు వంటొచ్చా?”

“ఏది ఎంతసేపు నానాలో, ఎప్పుడు దించాలో అడగండి, చెబుతాను. రోలు పెరట్లో కుళాయి పక్కనుంది.”

ఆయన గొంతు తగ్గించాడు. ఆ గొంతు ఆవిడకు తెలుసు. సభలో వినిపించేది కాదు, ఇంట్లో పని పడ్డప్పుడు వచ్చేది. “సరే, అయిందేదో అయింది. ఈ ఒక్కసారికీ మనం ఎలాగోలా...”

ఆవిడకు ఆకలేస్తోంది. కడిగిన బియ్యం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆయన చేతిలో ఉన్న పేర్ల కాగితం వైపు చూసింది.

“నా పేరు కూడా రాసుకోండి. ఇరవై నాలుగు” అంది. “మన తిండంటే నాకూ ఇష్టమేనండి. ఒకరు వడ్డిస్తుంటే వేడివేడిగా తినాలనుంది. ఎలా ఉన్నా వంక పెట్టను.”

ఆయన తల్లి వైపు తిరిగాడు, దిక్కు చూపించమన్నట్టు. పెద్దావిడ చేతిలో ఆకులు పళ్లెంలో పడేశారు. కొడుకు మొహాన్ని ఒకసారి, ఆ కాగితాన్ని ఒకసారి చూశారు.

“నాదీ రాయి నాన్నా” అన్నారు. “కింద కూర్చోలేను. నాకు కుర్చీ వెయ్యి.”